నాలుగో రేవు కేక మీద ఫిర్యాదు

నమోదు 207. సోమవారం, సాయంత్రం.

ఇవాళ పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. పదకొండింటినీ తీసేశాను. టీ చల్లారకముందే బల్ల ఖాళీ అయింది.

ఈ పుస్తకం చేత్తో రాయాలన్నది పలుకు సైటు నియమం. యంత్రం పాడైనా కాగితం మిగులుతుందని ఎవరో పెద్దమనిషి ఎప్పుడో అనుకున్నాడట. పై కార్యాలయంలో దీన్ని చదివేవాళ్ళు లేరు. మా పర్యవేక్షకుడు భుజంగరావుగారు నెలకోసారి ఆఖరి పేజీ మీద సంతకం పెట్టి, బరువు చూస్తున్నట్టు ఓసారి చేత్తో ఎత్తి తిరిగి ఇచ్చేస్తారు. అందుకే నాకు తోచిందల్లా ఇందులో రాసుకుంటాను. ఎత్తుపేటలో రాయడం వచ్చినవాళ్ళం నలభై మందిమి కూడా ఉండం. చుట్టూ సముద్రంలో మూడు వందల గాలిమరలు. ఆ హోరులో చెవికి పూసలు లేకపోతే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. ఆ పూసల్లోకి వచ్చే ప్రతి మాటా, ప్రతి పాటా పలుకు సైటు మీదుగానే వస్తుంది. నోటితో చెప్పి చెవితో వింటే పని జరిగిపోతున్నప్పుడు అక్షరాలతో ఎవరికి పని? మా తమ్ముడు కొర్లయ్యకి తన పేరు రాయడం కూడా రాదు. పడవ మాత్రం కళ్ళు మూసుకుని నడుపుతాడు. నడపకురా అంటే వినడు.

నాది ఫిర్యాదుల బల్ల. నా పాటని ఇంకొకడు పాడుతున్నాడనో, నా మాటల్ని ఎత్తుకుపోయాడనో జనం వచ్చి కూర్చుంటారు. అది తమదేనని, నమ్మి చెబుతున్నామని ప్రమాణం చేస్తారు. నేను పత్రం నింపి మీట నొక్కుతాను. ఆ క్షణం నుంచి ఆ శబ్దం ఎవరి పూసలోకీ వెళ్ళదు. అవతలివాడు గొంతు చించుకున్నా నోరు కదలడం కనిపిస్తుందే గానీ వినబడదు. నిజంగా ఎవరిదన్నది మేం విచారించం. తీసెయ్యడం ముందు, అడగడం తర్వాత. అవతలివాడికి నోటీసు మర్నాడు వెళుతుంది. పది పని దినాల్లో వాడు తన జవాబు చెప్పుకోవచ్చు.

ఇవాళ ఒకాయన తన తుమ్ముని బావమరిది అనుకరిస్తున్నాడని వచ్చాడు. తీసేశాను. ఇక ఆ బావమరిది తుమ్మితే శతాయుష్షు అనే దిక్కు కూడా ఉండదు.

ఇరవై రెండేళ్ళలో నా బల్ల మీద ఒక్క ఫిర్యాదు కూడా మర్నాటికి మిగల్లేదు. పక్షపాతం అన్న మాట కూడా రాలేదు. దానికి కారణం అట్టముక్క. చిన్న ఊరు కదా, ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా ఏదో ఒక వరస కలుస్తుంది. అందుకని తెర మీద నిందితుడి పేరు కనబడే చోట జానెడు అట్టముక్క అంటించేశాను. పేరు చూడను. శబ్దం సరిపోయిందా లేదా, అంతే. భుజంగరావుగారు దాన్ని చూసి ముచ్చటపడి మిగతా మూడు బల్లలకీ అంటింపించారు. ఈ కార్యాలయంలో నేను కనిపెట్టింది ఏదన్నా ఉందంటే ఆ అట్టముక్కే.

చివరి ఫిర్యాదు మైలపల్లి నూకాలుది. నేను అత్తా అని పిలుస్తాను. నాలుగో రేవులో కేక వేసేది ఆవిడే. మంచు పట్టిన రోజుల్లో పడవలకి దారి చూపేది ఆ కేక ఒక్కటే. మన మాటలు వీధి చివరికే ఆగిపోతాయి, రేవుకి ఒక్కరి గొంతుకి మాత్రం సముద్రం మీదకి వెళ్ళే అనుమతి ఉంటుంది. ఒక్కో రేవుది ఒక్కో కేక, అత్త దగ్గర్నుంచి కోడలికి వస్తుంది. నూకాలత్త కేక మూడు మెట్లు ఎక్కి ఒక మెట్టు దిగి, చివర పట్టుకుని లాగినట్టు ఉంటుంది.

ఆ కేకని ఎవడో ఎత్తుకుపోయాడట. తను నోరు మూసుకుని కూర్చున్నప్పుడు కూడా అది వినబడుతోందట. నేను అందరినీ అడిగినట్టే ఎక్కడ విన్నారని అడిగాను. మా రేవులోనే తల్లీ అంది. చిరునామాలు, ఖాతా నంబర్లు జనానికి ఎక్కడ తెలుస్తాయి? ఆ గడి మా బల్ల వాళ్ళమే నింపుతాం. నాలుగో రేవు అని రాశాను. అక్కడ పుట్టే శబ్దాలన్నీ యంత్రం వెతికి ఒకే ఒక్క దాన్ని చూపించింది. నూటికి నూరు పాళ్ళు సరిపోయింది. నొక్కాను.

నూకాలత్త లేచి నా చెయ్యి పట్టుకుని, నీ చెయ్యి చల్లగుండాలని దీవించి వెళ్ళింది.

నమోదు 208. మంగళవారం, ఉదయం పదీ నలభై.

రాత బాగా రావడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు. రాస్తే బుర్ర కుదురుకుంటుందని రాస్తున్నాను.

పొద్దున్నే మంచు దిగింది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి మెట్లు కనబడడం లేదు. నాలుగో రేవు పడవలు మూడు తెల్లారకముందే వేటకి వెళ్ళాయి. మొత్తం పద్నాలుగు మంది. అందులో మా కొర్లయ్య ఒకడు. పన్నెండు గంటల వేళకి తిరిగొస్తారు.

పదింపావుకి నూకాలత్త తలుపు తోసుకుని వచ్చింది. కొంగు జారిపోతున్నా చూసుకోవడం లేదు. మనిషి మంచులో తడిసి ముద్దయింది. ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“తల్లీ, నా మీద నానే ఫిర్యాదు ఎట్టుకున్నానంట. ఇందాకే పూసలో నోటీసు సెప్పింది. ఫిర్యాదు సేసినది మైలపల్లి నూకాలు, తప్పు సేసినది మైలపల్లి నూకాలు. ఇదేటమ్మా?”

నాకు మొదట నవ్వొచ్చింది. ఆ సంగతి ఇక్కడ రాయకుండా దాచుకోలేను. యంత్రం ఏదో పొరబడి ఉంటుందనుకుని నిన్నటి పత్రం తెర మీదకి తెచ్చాను. తర్వాత ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశాను. అట్టముక్కని గోరుతో లేపి పీకేశాను. దాని కింద మైలపల్లి నూకాలు అని ఉంది. మూసిన చోట తెర కొత్తదానిలా మెరుస్తోంది.

ఆవిడ విన్నది నాలుగో రేవులోనే, నిజమే. కానీ అది అక్కడ పుట్టలేదు. ఎక్కడ విన్నారని అడిగాను గానీ ఎక్కడి నుంచి వస్తోందని అడగలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగలేదు. నాలుగో రేవులో ఆ కేక పుట్టే నోరు ఒక్కటే ఉంది, ఆ నోటినే మూసేశాను. దొంగని పట్టుకోమని వచ్చిన మనిషి గొంతు పిసికేశాను.

తొమ్మిదింటి నుంచీ రేవులో నిలబడి కేక వేస్తూనే ఉందట. తన కేక తన పూసలో వినబడకపోతే గొంతు పట్టేసిందనుకుని వేడినీళ్ళు తాగి మళ్ళీ వేసిందట. పక్కన వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు, పిన్నీ నీ నోరు ఆడుతోంది గానీ కేక రావడం లేదన్నారట.

మరి ఆ దొంగ కేక మాట ఏమిటని అడిగాను. అడుగుతున్నప్పుడే నాకు అర్థమైపోయింది.

“అది వొస్తానే ఉంది తల్లీ. పావుగంటకోపాలి. గాలిమరల కాడ నీలిదీపం హోటేలు నేదా, తేలే హోటేలు, అందులోనుంచి. నా కేకెట్టి బోజనానికి పిలుస్తన్నాడు ఆడు.”

గాలిమరల వరసకి, వేటకి వెళ్ళే లోతు సముద్రానికి మధ్య పాత ఊరు ఉంది. నీళ్ళ కింద. డాబాల మీద పైకి లేచిన ఇనుప చువ్వలు ఇంకా అలాగే ఉన్నాయి, కొన్ని నీటికి బెత్తెడు లోతులో. మామూలు రోజుల్లో పడవలు దాన్ని చుట్టుకుని వస్తాయి. అనుమతి ఉన్న గొంతే కాబట్టి ఇన్నాళ్ళూ రెండు కేకలూ సముద్రం మీద వినబడినా ఏది అసలుదో మావాళ్ళకి తెలిసేది. నూకాలత్త మనిషి కాబట్టి ప్రతిసారీ ఒక రవ్వ తేడాగా వేస్తుంది. ఇప్పుడు వాళ్ళకి వినబడేది ఒక్కటే. మంచులో వినబడిన ఒక్క కేక వైపే పడవ తిప్పుతారు. తిన్నగా ఆ చువ్వల మీదకి వస్తారు.

నమోదు 209. మంగళవారం, పదకొండున్నర.

భుజంగరావుగారితో మాట్లాడాను. ఆయన ఇంట్లో ఉన్నారు, ఇల్లు ఇదే వీధి కాబట్టి పూసలోనే పలికారు. జరిగినదంతా చెప్పి, వెంటనే నూకాలత్త కేక తిరిగి పెట్టమని అడిగాను. ఆవిడ ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఇక్కడే ఉందని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“నువ్వు నియమం ప్రకారమే చేశావు పైడమ్మా. నీ మీద మాట రాదు, కంగారుపడకు.”

నా మీద మాట గురించి నేను అడగలేదు. పద్నాలుగు మంది సార్ అన్నాను. ఆయన గొంతు తగ్గించి, తిరిగి పెట్టడానికి మూడు సంతకాలు కావాలి, నాది ఇప్పుడే పెడతాను, మిగతా ఇద్దరూ పై కార్యాలయంలో రేపు సాయంత్రం కూర్చుంటారు అన్నారు. నాకు తెలియనిది కాదు. తీసెయ్యడానికి నా వేలొకటి చాలు, తిరిగి పెట్టడానికి ముగ్గురు కావాలి. ఇరవై రెండేళ్ళు ఇదే మాట ఎదురుగా కూర్చున్న వాళ్ళకి నవ్వుతూ చెప్పాను. ఇవాళ వినే వంతు నాదైతే చెవుల్లో సీసం పోసినట్టుంది.

హోటలుకి మనిషిని పంపుదామంటే ఈ మంచులో గంటన్నర పడవ ప్రయాణం. అది సాయంత్రమే తెరుస్తారు, పగలు మనుషులు ఉండరు, కేక వేసేది యంత్రం. వేరే రేవు వాళ్ళని కేక వెయ్యమందామంటే పరాయి రేవు కేకకి మా పడవలు తిరగవు. తిరగకూడదని పుట్టినప్పటి నుంచీ నేర్పుతారు.

నూకాలత్త ఇవన్నీ విని, అయితే దొంగ కేక మీద ఇప్పుడే ఫిర్యాదు రాసుకో, సరైన చోటు రాసుకో అంది. రాశాను. యంత్రం తీసుకోలేదు. అదే మనిషి, అదే కేక, ఒక ఫిర్యాదు నడుస్తుండగా ఇంకొకటి చెల్లదట. వెనక్కి తీసుకున్నా రేపు సంతకాలయ్యేదాకా మొదటిది నడుస్తున్నట్టేనట. రెండోసారి రాశాను. మళ్ళీ తిప్పికొట్టింది.

“అది ఆగిపోతే సాలు తల్లీ,” అంది ఆవిడ. “నా కేక నేకపోయినా పరవానేదు. కేక ఇనబడకపోతే మనోళ్ళు నంగరేసీసి కూకుంటారు. మంచు ఇడిపోయేదాకా కదలరు. ఇనబడితేనే ముప్పు.”

అప్పుడు గడియారం పదకొండూ పది. అంటే ఇంకో అయిదు నిమిషాల్లో హోటలు మళ్ళీ మొదలుపెడుతుంది.

ఫిర్యాదు మనిషి పేరు దగ్గర నా పేరు రాశాను. సూరాడ పైడమ్మ. కృతి అన్న చోట నాలుగో రేవు కేక అని రాశాను. ఉల్లంఘన జరుగుతున్న చోటు నీలిదీపం తేలే హోటలు, మరల వరస. ప్రమాణం గొంతుతోనే చెప్పాలి. చెప్పాను. ఈ కేక నాది, నేనే కట్టాను, ఇది నిజమని నమ్మి చెబుతున్నాను. నూకాలత్త నా ఎదురుగా నిలబడి ఉంది. అయిదు తరాలుగా వాళ్ళింట్లో ఉన్న కేకని నాదని ఆవిడ మొహం చూస్తూ చెప్పాను. ఆవిడ కాదనలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తప్పుడు ప్రమాణానికి శిక్ష ఏమిటో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. చెప్పిన గొంతు తీసేస్తారు. పాట కాదు, కేక కాదు, మొత్తం గొంతు. బతికినన్నాళ్ళూ ఎవరి పూసలోకీ వెళ్ళదు. ఆ మీట కూడా ఒకసారి నా చేత్తోనే నొక్కాను, ఎనిమిదేళ్ళ కిందట, ఒక నాటకాలాయన మీద. ఆ రోజు అన్నం బాగానే తిన్నాను.

భయం వేసింది. వెయ్యలేదని రాస్తే ఈ పుస్తకానికి అర్థం లేదు. నొక్కాను.

నమోదు 210. మంగళవారం, సాయంత్రం.

వచ్చారు. పద్నాలుగు మందీ వచ్చారు.

పదకొండున్నర దాటాక నేనూ నూకాలత్తా రేవుకి వెళ్ళి నిలబడ్డాం. హోటలు కేక రాలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది, పడవలు కూడా రాలేదు. లంగరు వేసుకుని ఉంటారని ఆవిడ అంటుంది, నేను తలూపుతాను. ఆగేలోపే చువ్వల మీదకి వెళ్ళిపోయి ఉంటే అన్న మాట ఇద్దరమూ అనలేదు. రెండున్నరకి మంచు పలచబడింది. మూడింటికి మొదటి పడవ ముక్కు కనబడింది. దాని మీద కొర్లయ్య నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు, పెళ్ళికొచ్చినట్టు.

ఏడ్చాను. రేవులో అందరి ముందూ ఏడ్చాను. ఎందుకో వాడికి తెలియదు కాబట్టి ఎగతాళి చేశాడు.

జరిగింది వాడే చెప్పాడు. కేక వినబడిందట, మొదటిసారి విని పడవలు తిప్పారట. ఇవాళ నూకాలు పిన్ని కేకలో ప్రాణం లేదేమిటి, జ్వరం వచ్చిందా అని కూడా అనుకున్నారట. పావుగంటకి రెండోసారి మొదలై, మూడు మెట్లు ఎక్కి దిగబోతూ మధ్యలో తెగిపోయిందట. తెగిన కేక వాళ్ళు ఎన్నడూ వినలేదు. లంగరు వేసేశారు. మంచు తీశాక చూస్తే పడవ ముందు తెడ్డు వేసేంత దూరంలో నీళ్ళలోంచి ఏదో పాత మేడ చువ్వలు, గుత్తులుగుత్తులుగా పైకి లేచి ఉన్నాయట. ఇదంతా నవ్వుతూ చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వు ఆగిపోయి, కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

నేను చేసింది వాడికి చెప్పలేదు. నూకాలత్తని కూడా చెప్పొద్దన్నాను. వాడి ప్రాణానికి నా గొంతు వెల కట్టినట్టు ఉంటుంది. పైగా హోటలు వాళ్ళు జవాబు ఇవ్వకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే నా ప్రమాణం జోలికి ఎవరూ రారు. దొంగిలించిన వాళ్ళు ఏ మొహంతో జవాబు ఇస్తారు?

నమోదు 211. గురువారం, మధ్యాహ్నం.

హోటలు జవాబు ఇచ్చింది.

నిన్న సాయంత్రం మూడు సంతకాలూ పడి నూకాలత్త కేక తిరిగొచ్చింది. ఇవాళ పొద్దున్న మంచు లేకపోయినా ఊరికే ఓసారి వేసింది, రేవు రేవంతా పని ఆపి విన్నది. నేను ఆ సంతోషంలో బల్ల దగ్గరికి వచ్చేసరికి భుజంగరావుగారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన నా గదికి రావడమే అరుదు. నన్ను చూసి లేచి, కుర్చీ నాకు ఇచ్చారు. అప్పుడే అనుమానం వచ్చింది.

హోటలు వాళ్ళ జవాబు చిన్నదే. కేక తాము దొంగిలించలేదు, కొనుక్కున్నాం, ఇదిగో పత్రం. ఎవరి దగ్గర కొన్నారన్న చోట పలుకు సైటు అని ఉంది.

నేను రెండుసార్లు చదివాను. మా సైటే అమ్మింది. పూసలు పెట్టుకున్న రోజునే ప్రతివాడి వేలిముద్రా తీసుకుంటాం. తమ గొంతు నుంచి వచ్చే ఏ శబ్దాన్నయినా సైటు వాడుకోవచ్చని, ఇతరులకి ఇవ్వవచ్చని అందులో ఉంటుంది. నూకాలత్త మూడో ఏట వాళ్ళ అమ్మ ఒళ్ళో కూర్చుని వేసిన ముద్ర అది. ఎత్తుపేట శబ్దాల మూట అని పేరు పెట్టి ఇడ్లీలమ్మే కేక, జాలరి కేక, పెళ్ళి ఏడుపు అన్నీ కలిపి అమ్మారు. కింద పర్యవేక్షకుడి సంతకం ఉంది. నెలనెలా ఈ పుస్తకం ఆఖరి పేజీ మీద చూసే సంతకమే.

మంగళవారం పొద్దున నేను పూసలో మాట్లాడినప్పుడు ఆయనకి ఇది తెలుసు. కాసేపు మాట్లాడకుండా ఉన్నది అందుకు. నేను ఆయన వంక చూశాను. కోపం రావాల్సింది, రాలేదు.

“నాకు కాగితాలు వస్తాయి, సంతకం పెడతాను,” అన్నారు ఆయన. “పేర్లు చూడను. నీ అట్టముక్క లాంటిదే అనుకో.”

నా చూపు తెర మీద అట్టముక్క పీకేసిన చోటికి పోయింది.

నా మీద తప్పుడు ప్రమాణం కేసు తనంతట తాను పై కార్యాలయానికి వెళ్ళిపోయింది. పత్రంతో జవాబు వస్తే యంత్రమే పంపేస్తుంది. క్షమాపణ రాసివ్వమన్నారు, తను కూడా సిఫారసు చేస్తానన్నారు. ఏమని రాయను? అబద్ధం చెప్పాను, నిజమే. మళ్ళీ చెప్పమంటే చెబుతాను. అదే రాసిచ్చాను. నిర్ణయం ఎప్పుడు వస్తుందని అడిగితే వారం పది రోజులు పట్టవచ్చన్నారు.

వారం రోజులు చాలు. కొర్లయ్యని కూర్చోబెట్టి నెమ్మదిగా చెబుతాను. ఆదివారం వాడికి వేట లేదు, ఆదివారం చెబుతాను.

నమోదు 212. శనివారం, ఉదయం.

ఇది నిన్న సాయంత్రం సంగతి.

కొర్లయ్య మా ఇంట్లోనే తింటాడు. తడి వలలు తెచ్చి వసారాలో పడేశాడు, చాప అంతా నీళ్ళు. మంగళవారం నుంచీ వాడిని ఒక్క మాట కూడా కసరలేదు గానీ, చాప పాడైతే ఎవరు తెస్తార్రా అని నిన్న మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు, ఈ వలలు అని అంటున్నాను.

అక్కడ ఆగిపోయింది. నేను ఆగలేదు. నోరు కదులుతూనే ఉంది, గొంతులో అదురు తెలుస్తూనే ఉంది. నా పూసల్లో నా మాట లేదు. తెగిపోయింది. తీసెయ్యడం ముందు, చెప్పడం తర్వాత. నా నియమమే, నాకే గుర్తు రాలేదు.

కొర్లయ్య మిగతా మాట కోసం చూస్తున్నాడు. శిక్ష నోటీసు మర్నాటిదాకా ఆగదు, అప్పుడే పలికింది, నాకు మాత్రమే. మీ గొంతు తొలగించబడింది. కారణం తప్పుడు ప్రమాణం. అభ్యంతరం ఉంటే పది పని దినాల్లో మీ వివరణని మీ సొంత గొంతుతో నమోదు చేయగలరు.

ఆ వాక్యం రాసింది నేను. పన్నెండేళ్ళ కిందట నోటీసులు తేలిక మాటల్లో ఉండాలని పై కార్యాలయం అడిగితే, కూర్చుని రాసి పంపాను. మెచ్చుకున్నారు కూడా. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని గొంతు లేనివాడిలా విని చూడలేదు.

“ఏటప్పా, అలిగినావేటి?” అన్నాడు కొర్లయ్య. మా ఊళ్ళో అక్కని అప్ప అంటాం.

కాదని తల ఊపాను. వాడు నమ్మలేదు. వలలు తీసుకెళ్ళి బయట ఆరేసి వచ్చాడు. చాప ఎత్తి గోడకి నిలబెట్టాడు. అయినా నేను మాట్లాడకపోయేసరికి మంగళవారం రేవులో ఏడుస్తుంటే ఎగతాళి చేసినందుకు తప్పయిందన్నాడు. పోయినేడు నా మాట వినకుండా మంచులో వేటకి వెళ్ళినందుకు తప్పయిందన్నాడు. ఎప్పటెప్పటివో తవ్వి తీసి ఒక్కొక్కటే ఒప్పుకుంటున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నా ముందు నేల మీద కూర్చుని.

చూడలేకపోయాను. ఇంటికి తెచ్చుకున్న ఈ పుస్తకంలోంచే కాగితం చింపి రాశాను. మంగళవారం నేనేం చేశానో, ఇప్పుడేం జరిగిందో నాలుగు ముక్కల్లో రాసి చేతికిచ్చాను. వాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“నాను సదవలేను గదప్పా. నోటితో సెప్పు.”

నోరు తెరిచి చూపించాను. మాట్లాడాను. నా పెదవులు కదలడం చూశాడు, తన పూసని వేలితో తట్టి చూసుకున్నాడు, మళ్ళీ నా పెదవుల వంక చూశాడు. రేవులో నూకాలత్తని వాళ్ళు అలాగే చూసి ఉంటారు. వాడి మొహం పాలిపోయింది. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడుగుతూనే ఉన్నాడు, నేను జవాబు చెప్పలేనని తెలిసి కూడా.

తర్వాత చేసిన పని వాడికి ఎలా తోచిందో తెలియదు. కుడి చెవిలో పూస తీసేశాడు. ఎత్తుపేటలో పెద్దవాళ్ళు ఎవరూ ఆ పని చెయ్యరు. గాలిమరల హోరు చెవిలోకి దూరేసరికి పళ్ళు బిగించాడు, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అయినా పెట్టుకోలేదు. దగ్గరికి జరిగి ఆ చెవిని నా నోటికి ఆనించాడు.

రెండు చేతులూ చుట్టూ అడ్డం పెట్టి, పెదవులు చెవికి తగిలేలా పెట్టి అరిచాను. నాకు నా మాట వినబడదు. వాడికి చేరుతోందో లేదో కూడా తెలియదు. ఆ కేక ఆపింది నేనేరా కొర్లా, నాది కాని దాన్ని నాదని ప్రమాణం చేశాను, అందుకే నా గొంతు తీసేశారు అని చెప్పాను. నువ్వు చువ్వల మీదకి వెళ్ళిపోతావని భయమేసిందిరా అని కూడా చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. ఆపేసరికి గొంతు మండుతోంది.

వాడు తల వెనక్కి తీసి నా మొహం కేసి చూశాడు. మా దగ్గర పిల్లలకి మూడో ఏటిదాకా పూసలు పెట్టరు. అంతవరకూ ఎత్తుకున్నవాళ్ళు ఇలాగే చెవిలో నోరు పెట్టి మాట్లాడతారు. కొర్లయ్య పుట్టేసరికి నాకు పదేళ్ళు. అమ్మ రేవులో చేపల పనికి వెళితే చంకన వేసుకుని తిరిగింది నేనే. ఆ తర్వాత ఎవరి అసలు గొంతూ ఎవరికీ అక్కర్లేదు, పూసల్లోది చాలు.

“అప్పా,” అన్నాడు, “ఈ గొంతు నాకు తెలుసు.”

పూస తిరిగి పెట్టుకోమని సైగ చేశాను. చెవి ఎర్రగా కందిపోయింది, దెబ్బతింటుంది. వాడు వినలేదు. రెండో పూస కూడా తీసి కింద పెట్టి, ఆ చెవి నా వైపు తిప్పాడు.